గొడుగు ప్రొఫెసరు కబుర్లు

చదువుకున్నవాళ్ళంటే నాకు ఒళ్ళుమంట. ఈ మాట ముందే చెప్పేస్తే మంచిది. మీసాలు రాకముందే బడి మానేసి రంపం పట్టినవాణ్ణి, పొద్దున లేచింది మొదలు వాళ్ళ మధ్యే తిరగాల్సినవాణ్ణి, మండక చల్లగా ఎలా ఉంటుంది?

మా ఊరి పెద్ద యూనివర్సిటీలో నేను వడ్రంగిని. ప్రభుత్వం వాళ్ళది. ఎంత పెద్దదంటే, ఆ చివర కుర్చీ కాలు విరిగిందని కబురొస్తే నేను సంచీ భుజాన వేసుకుని అక్కడికి చేరేసరికి, ఇంకెవడో దాని మీద కూర్చుని రెండో కాలు కూడా విరగ్గొట్టి ఉంటాడు. తలుపులకి బందులు, సొరుగులకి పిడులు, నల్లబల్లలకి చట్రాలు, ఇదీ నా పని. అన్నిటికంటే ఎక్కువ పని పిల్లలు ఉలితో చెక్కినట్టు చెక్కిన బల్లలు. ఒకడు ప్రేమించానని చెక్కుతాడు, నేను చిత్రిక పట్టి నున్నగా చేస్తాను. మర్నాటికి ఆ నున్నటి చోటు చూసి ఇంకొకడికి ప్రేమ పుడుతుంది.

అక్కడ నన్ను పేరు పెట్టి పిలిచేవాళ్ళు లేరు. "ఏయ్, చెక్కపని" అంటారు. నేను "చిత్తం సార్" అంటాను. పాతికేళ్ళు దాటని కుర్రాడు మెడలో కార్డు వేలాడేసుకుని "ఇంతసేపేంటయ్యా" అన్నా, చిత్తమే. ఆ మాట నా నోటికి ఎంత అలవాటైపోయిందంటే, ఒకసారి తలుపు తగిలి అది కిర్రుమంటే దానికి కూడా చిత్తమన్నాను.

ఇదంతా బయట. ఇంటికొస్తే నేను వేరే మనిషిని.

కాళ్ళు కడుక్కుని కంచం ముందు కూర్చోగానే మా అమ్మాయి మొదలుపెట్టేది.

"నాన్నా, ఇవాళ గొడుగాయన్ని ఏమన్నావ్?"

గొడుగాయన అంటే రాళ్ళ శాఖ ప్రొఫెసరు. కొండలు ఎప్పుడు పుట్టాయి, ఏ రాయి దేనిలోంచి వచ్చింది అని చెప్పే చదువు ఆయనది. ఎండైనా వానైనా చేతిలో నల్ల గొడుగు లేకుండా కనబడడు. పిల్ల చిన్నప్పుడు, ఆయన గదిలో సొరుగు ఇరుక్కుపోయిందంటే వెళ్ళాను. నేను వెళ్ళేసరికి ఆయన లేడు. బాగుచేసి వచ్చేశాను. జరిగింది అంతే. కానీ తిరిగొచ్చే దారిలో మా సూపర్‌వైజరు నలుగురి ముందు నన్నో మాట అన్నాడు. ఆ మంట కడుపులో పెట్టుకుని ఇంటికొచ్చాను. పిల్ల ఒళ్ళో కూర్చుని, ఇవాళ ఏం పని చేశావ్ నాన్నా అంది. నా నోట్లోంచి ఇలా వచ్చింది:

"ఏం పనా? గొడుగు ప్రొఫెసరు సొరుగు లాగలేక చెమటలు కక్కుతున్నాడు. 'అయ్యా, కొండలు కదిలిన లెక్కలు చెబుతారు కదా, చెక్క సొరుగు కదపలేరా?' అన్నాను. మొహం ఇంత చేసుకుని, 'బాబ్బాబు, నువ్వు లేకపోతే నా శాఖ మూతపడిపోతుంది' అన్నాడు."

పిల్ల పడీ పడీ నవ్వింది. మా ఆవిడ కూడా గరిటె చేత్తో పట్టుకుని నవ్వింది. "మీకు నోరు ఎక్కువండీ, ఉద్యోగం ఊడగొట్టుకుంటారు" అంది, కానీ ఆ అనడంలో ఎంత మురిపెమో. నా మంట చల్లారిపోయింది. మర్నాడు ఇంకో కబురు చెప్పాను.

అలా మొదలైంది, ఆగలేదు. పగలు చిత్తమన్న ప్రతి చిత్తానికీ రాత్రి కంచం ముందు బదులు తీర్చుకునేవాణ్ణి. గొడుగు మీదా, బట్టతల మీదా, కళ్ళజోడు మీదా కబుర్లు. పిల్ల అవి బళ్ళో స్నేహితులకి చెప్పేది. వాళ్ళు ఇంటికొచ్చి నన్ను తలుపు చాటునుంచి చూసి వెళ్ళేవాళ్ళు, ప్రొఫెసర్లని గడగడలాడించే మనిషి ఎలా ఉంటాడోనని.

ఒకసారి రాళ్ళ శాఖలో పాత బీరువాలు ఖాళీ చేశారు. పగిలినవీ, చీటీలు ఊడిపోయినవీ ఏవో రాళ్ళు చెత్తలో పోశారు. తళుక్కుమన్నవి నాలుగు ఏరి జేబులో వేసుకొచ్చాను. "ఎక్కడివి నాన్నా?" అంది పిల్ల. చెత్తలోవి అని చెప్పొచ్చు. నోరు ఊరుకుంటేగా. "గొడుగాయన పంపాడు. మీ అమ్మాయికి నా కానుకని చెప్పమని బతిమాలాడు" అన్నాను.

ఆ రాళ్ళే పిల్లని పట్టుకున్నాయి. కిటికీ గట్టు మీద వరుసగా పెట్టుకుంది. లైబ్రరీకి వెళ్ళి బొమ్మలతో పోల్చుకుని వాటి పేర్లు కనిపెట్టింది. నేను అరలున్న చెక్కపెట్టె చేసిచ్చాను. తర్వాత తనే ఎక్కడెక్కడివో ఏరుకొచ్చింది. "నాన్నా, ఇది నిప్పులోంచి పుట్టింది. ఇది నీళ్ళ అడుగున పేరుకుంది" అని చూపించేది. నాకు రెండూ రాళ్ళే. కానీ ఆ పిల్ల మొహం చూస్తుంటే నేనే ఆ రాళ్ళని పుట్టించినంత గర్వం.

ఈ ఏడాది దానికి పై చదువుకి రెండు చోట్ల సీటు వచ్చింది. ఒకటి మా పెద్ద యూనివర్సిటీలో, రాళ్ళ చదువులో. రెండోది ఊరవతల ఉన్న చిన్నదాంట్లో. అదీ పేరుకు యూనివర్సిటీయే గానీ అందరూ దేవుడి కాలేజీ అంటారు. మా మతం పెద్దలు నడుపుతారు. పొద్దున ప్రార్థన, సాయంత్రం ప్రార్థన, మధ్యలో పాఠాలు. రాళ్ళ చదువు లేదు, రసాయనశాస్త్రం ఉంది. పిల్ల బడి టీచరమ్మ ఎందుకైనా మంచిదని దానికి కూడా అప్లికేషన్ పెట్టించింది.

ఆ కబురు తెలిసిన రోజు మా బావమరిది వచ్చాడు. లారీ డ్రైవరు. వాడు గుమ్మంలోంచే మొదలుపెట్టాడు.

"బావా! ఇంకేం, కోడలు నీ రాజ్యంలో అడుగుపెడుతోంది. ఫలానా వాళ్ళ అమ్మాయినని చెబితే చాలు, గొడుగాయన లేచి కుర్చీ వేస్తాడు."

"కుర్చీ కూడా నాన్న చేసిందే కదా మావయ్యా" అంది పిల్ల.

అందరూ నవ్వారు. నేను నవ్వబోయి ఆగిపోయాను. ఇన్నేళ్ళలో ఆ ఆలోచన ఒక్కసారి కూడా రాలేదు నాకు. ఆ పిల్ల రోజూ ఆ వరండాల్లో తిరుగుతుంది. నేను సంచీ వేసుకుని గోడవారగా నడుస్తుంటే చూస్తుంది. "ఏయ్, చెక్కపని" అనడం వింటుంది. నా చిత్తం వింటుంది.

"అంత తొందరేముంది" అన్నాను. "దేవుడి కాలేజీ సంగతి కూడా చూడాలి కదా."

మా ఆవిడ చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. పెళ్ళయిన కొత్తలో తప్ప నన్ను ప్రార్థనకి తీసుకెళ్ళగలిగింది లేదు ఆవిడ. "మీరేనా ఈ మాట అంటున్నది?" అంది.

"పిల్ల భవిష్యత్తు. దేవుడి నీడ ఉంటే తప్పా?"

"తప్పు కాదు బావా, వింత" అన్నాడు బావమరిది.

ఆ రోజు నుంచి పెద్ద యూనివర్సిటీ మీద పడ్డాను. అబద్ధం కూడా చెప్పలేదు, అదీ గమ్మత్తు. ఒక్కో హాల్లో వందల మంది అన్నాను. వెనక వరుసలో పంతులు గొంతు వినబడదన్నాను. వినబడదని నాకు తెలుసు, ఆ వెనక బల్లలు బాగుచేస్తూ పాఠాలన్నీ సగం సగం విన్నవాణ్ణి. మరుగుదొడ్లకి గడియలుండవన్నాను, మొహం చూసి గుర్తుపట్టే నాథుడుండడన్నాను. పిల్ల అన్నీ విని, "నువ్వుంటావుగా నాన్నా" అనేది.

దేవుడి కాలేజీవాళ్ళు ఒకసారి పిల్లతో పాటు తల్లో తండ్రో కూడా వచ్చి కలవాలన్నారు. నేనే వెళ్ళాను. శుభ్రమైన చోటు. నడవా అంతా తుడిచి మెరుస్తోంది. ఎవరెదురైనా తల వంచి పలకరిస్తున్నారు. నన్ను చూసి "రండి, కూర్చోండి" అన్నారు. రండి అనిపించుకోవడం కొత్త కదా, వెనక్కి తిరిగి చూశాను, ఇంకెవరినో అనుకుని.

ముందు ప్రార్థన. పొడుగాటి బల్లల మీద కూర్చున్నాం. ముందు వరుసలో వాళ్ళ పెద్దయ్యగారు, ముసలాయన, తెల్లటి గడ్డం. అందరూ కళ్ళు మూసుకుని తల వంచారు. నేనూ వంచాను. వంచేసరికి నా కింద బల్ల ఊగింది. కుడి కాలు దగ్గర అతుకు వదిలేసింది. ఒక్క చీల కొడితే పోయే దానికి, ఇంతమంది దైవభక్తులు ఊగుతూ దేవుణ్ణి తలుచుకుంటున్నారు. నా చెయ్యి ఊరుకోలేదు. మెల్లగా కిందకి జారి, మోకాళ్ళ మీద కూర్చుని, అతుకు తడిమాను. జేబులో చెక్కముక్క ఎప్పుడూ ఉంటుంది. దాన్ని సందులో పెట్టి బొటనవేలితో నొక్కుతున్నాను. గట్టి పడలేదు. పళ్ళు బిగబట్టి, కళ్ళు మూసుకుని, ఇంకాస్త బలంగా నొక్కాను. అప్పటికి ప్రార్థన అయిపోయి అందరూ లేచి నిలబడ్డారని నాకేం తెలుసు?

కళ్ళు తెరిచేసరికి పెద్దయ్యగారు నా ఎదుట ఉన్నారు. నా భుజం మీద చెయ్యి వేశారు. అందరికీ వినబడేట్టు, "ఇలా ఒళ్ళు మరిచిపోయే తండ్రిని చూసి ఎన్నాళ్ళయిందో! ఈ ఇంటి పిల్ల మనకి కావాలి" అన్నారు.

అది కాదండీ, బల్ల ఊగుతోంది అనొచ్చు. నవ్వుకునేవాళ్ళు, అంతే. నేను చెక్కముక్క గుప్పిట్లో దాచుకుని తల ఇంకాస్త కిందకి వంచాను. చుట్టూ ఉన్నవాళ్ళ కళ్ళల్లో గౌరవం. ఒకావిడ కళ్ళు తుడుచుకుంది కూడా. సిగ్గేసింది. కానీ నిజం చెప్పాలంటే, హాయిగా కూడా ఉంది.

బస్సెక్కాక పిల్ల కిటికీ వైపు తిరిగి కూర్చుంది. భుజాలు కదులుతున్నాయి. ఏడుస్తోందేమోనని భయపడ్డాను. నవ్వుతోంది.

"నాన్నా, దేవుడు ఏమన్నాడు? అతుకు వదులైందన్నాడా?"

"నోర్ముయ్, బస్సులో వింటారు."

"మేకు కొట్టమన్నాడా, జిగురు చాలన్నాడా?"

ఇద్దరం నవ్వాం. ఆ పిల్ల నా నిజాన్ని పట్టుకుని కూడా అంత ప్రేమగా నవ్వగలదని అప్పుడే తెలుసుకోవాల్సింది. నా బుర్ర అంతదూరం వెళ్ళలేదు.

"కానీ నాన్నా, నాకు రాళ్ళే కావాలి" అంది దిగేముందు. "వచ్చే వారం పెద్ద యూనివర్సిటీలో కొత్తవాళ్ళని పిలిచి చూపిస్తారట. నువ్వు కూడా రా. గొడుగాయనకి నన్ను చూపించు."

"నాకు ఆ రోజు హాస్టల్ వైపు పని. మీ అమ్మతో వెళ్ళు" అన్నాను. "అయినా నేను పక్కనుంటే, నాకు భయపడి సీటిచ్చారని నలుగురూ అనరూ?"

"అదీ నిజమే" అంది గర్వంగా.

ఆ రోజు నిజంగానే హాస్టల్ పని అడిగి వేయించుకున్నాను. అది ఆ చివరెక్కడో ఉంటుంది, ఎవరి కంటా పడక్కర్లేదు. పొద్దున ఇలా కిటికీ రెక్క విప్పానో లేదో, సూపర్‌వైజరు మనిషిని పంపాడు. పెద్ద హాల్లో వేదిక చెక్క ఒకటి కుంగిందట, కొత్తవాళ్ళు వచ్చే వేళయిందట, పరిగెత్తమన్నాడు.

ఆ వేదిక లోపల డొల్ల. పక్కన చిన్న తలుపుంటుంది, పాకుతూ వెళ్ళాలి. సంచీ తలుపు దగ్గర పడేసి, సుత్తి ఒక్కటీ పట్టుకుని దూరాను. అడ్డదూలం చీలిపోయింది. దాని కింద ఇంకో ముక్క నిలబెట్టి మేకులు కొట్టాలి. రెండు కొట్టానో లేదో బయట జనం చప్పుడు. సూపర్‌వైజరు తలుపులోంచి మొహం పెట్టాడు.

"అయిందా?"

"ఇంకాస్త ఉంది సార్. ఇప్పుడు ఎవరైనా ఎక్కితే మళ్ళీ కుంగుతుంది."

"వచ్చేశారయ్యా బాబూ. లోపలే ఉండి పట్టుకో. సుత్తి చప్పుడు వినిపించకూడదు. మధ్యలో ఎలకలా బయటికి పాక్కుంటూ రాకు, అసహ్యంగా ఉంటుంది."

"చిత్తం సార్."

మోకాళ్ళ మీద కూర్చుని చెక్కని భుజానికెత్తుకున్నాను. మోకాళ్ళ మీద కూర్చోవడం ఆ నెలలో అది రెండోసారి. పైన ఎవరో ఎక్కారు. బూట్లు టకటకమంటూ వచ్చి సరిగ్గా నా భుజం మీద ఆగాయి. పక్కన గొడుగు కర్ర టక్కున ఆనింది. గొంతు మొదలుపెట్టాక ఇంకేం అనుమానం లేదు. గొడుగాయనే. ఆయన బరువు నా భుజం మీద, ఆయన మాట నా నెత్తి మీద. భూమి గురించి చెప్పాడు. బాగా చెప్పాడు. నా ఒళ్ళుమంట పక్కనపెట్టి చెబుతున్నాను, మెత్తగా, తొందరపడకుండా, పిల్లలకి అన్నం కలిపి పెట్టినట్టు చెప్పాడు. నేను కబుర్లలో చూపించిన మనిషిలో ఇందులోది పిసరంత లేదు.

మాట అయిపోయింది. జనం లేచారు. గొడుగాయన దిగబోతుంటే కొత్తగా ఇంకో అడుగుల చప్పుడు. పల్చటి చెప్పులు. వేదిక పక్కన నేల మీదే ఆగాయి. చెక్కల సందులోంచి చూస్తే, మా పిల్లకి నేను చూసి కొన్న చెప్పులే.

"నమస్తే సార్. మీకు థాంక్స్ చెబుదామని వచ్చాను."

"దేనికమ్మా?"

"రాళ్ళకి సార్. మా నాన్నతో పంపారు కదా, నా చిన్నప్పుడు. ఇప్పటికీ నా దగ్గరే ఉన్నాయి."

"నేను పంపానా? ఎవరమ్మా మీ నాన్నగారు?"

"ఇక్కడ వడ్రంగి సార్. మీ సొరుగు... మీరు ఎప్పుడూ ఆయన్ని..."

"ఏ వడ్రంగమ్మా?" అన్నాడాయన.

ఎగతాళి కాదు. కోపం కాదు. నిజంగా గుర్తు తెచ్చుకుందామని ప్రయత్నించాడు పాపం, గొంతులోనే తెలుస్తోంది. "ఆ పనులన్నీ ఆఫీసువాళ్ళు చూసుకుంటారమ్మా. ఎవరు వస్తారో నాకు తెలియదు. నేను ఎవరితోనూ రాళ్ళు పంపినట్టు లేదే. పేరేమిటి ఆయనది?"

నా పేరు చెబుతుందని ఊపిరి బిగబట్టాను. బయటికి రావాలి. నేనే సార్, ఇదిగో మీ కాళ్ళ కిందే ఉన్నాను అనాలి. ఆయన నవ్వేవాడు, నా పిల్లని మెచ్చుకునేవాడు, ఏం పోయేది? నా ఒళ్ళు కదలలేదు. చప్పుడు చెయ్యొద్దన్నారు కదా అని నాకు నేనే చెప్పుకున్నాను. ఎంత మాట వినే మనిషినో చూడండి.

ఆ పల్చటి చెప్పులు కొంచెం పక్కకి తిరిగాయి. చిన్న తలుపు వైపు. అక్కడ నా సంచీ ఉంది. పిల్ల చిన్నప్పటి బడి యూనిఫాం చింపి మా ఆవిడ కుట్టిన నీలం సంచీ. కింద చిరిగితే పిల్లే అతుకు వేసింది, పసుపు దారంతో.

చెప్పులు మళ్ళీ గొడుగాయన వైపు తిరిగాయి.

"పొరబడ్డాను సార్" అంది. "వేరే ఎవరో అయ్యుంటారు. క్షమించండి."

"ఫర్వాలేదమ్మా. రాళ్ళంటే ఇష్టమేనా? అయితే రా, చేరు. మా దగ్గర చాలా ఉన్నాయి" అని ఆయన నవ్వుతూ వెళ్ళిపోయాడు.

నా భుజం మీద బరువు తగ్గింది. దూరంగా మా ఆవిడ గొంతు దగ్గరపడుతోంది. "ఏమే, ఏమన్నాడాయన? నాన్న సంగతి చెప్పావా?"

అప్పుడు ఆ చెప్పుల కాలు ఒకటి నా సంచీని తోసింది. మెల్లగా, శబ్దం కాకుండా, తలుపులోంచి లోపలికి, చీకట్లో నా మోకాలి దగ్గరికి. వంగి చూడలేదు.

"లేదమ్మా" అంది. "ఆయనకి తీరిక లేదు. పద."

ఆ సాయంత్రం ఇంటికెళ్ళకుండా వీధులన్నీ తిరిగాను. మొహం ఎక్కడ పెట్టుకోను? ఆకలేస్తే సిగ్గు కూడా ఆగదు కదా, చివరికి వెళ్ళాను. కంచం పెట్టారు. పిల్ల ఎదురుగా కూర్చుంది. రోజూ అడిగే మాట అడగలేదు.

"హాస్టల్ పని అయిపోయిందా నాన్నా?" అంది.

దారి తీసి ఇచ్చింది నాకు. నేను ఆ దారినే వెళ్ళాను. "అయింది" అన్నాను. "కిటికీలన్నీ ఊడి చచ్చాయి."

"నేను దేవుడి కాలేజీలో చేరతాను."

మా ఆవిడ తెల్లబోయింది. "అదేంటే? పొద్దున్నేగా రాళ్ళు రాళ్ళని ఎగిరావు?"

"చాలా జనం అమ్మా. వెనక కూర్చుంటే ఏం వినబడదు. నాన్న చెప్పిందే నిజం."

నాన్న చెప్పిందే నిజం. ఇన్నేళ్ళలో నేను చెప్పిన వాటిలో నిజం అదొక్కటే, వెనక వరుసలో వినబడదన్నది. దాన్నే ఏరి పట్టుకుంది, పిచ్చిపిల్ల, నాకు ఇవ్వడానికి.

పెద్ద యూనివర్సిటీలో చేరడానికి గడువు ఇంకా ఉంది. అంటే నాకూ గడువు ఉంది. రోజూ పని నుంచి వస్తూ దారిలో మాటలు పేర్చుకునేవాణ్ణి. అమ్మడూ, ఆ ప్రొఫెసరుకి నేనెవరో తెలియదు, అవన్నీ నేను కోసిన కోతలు, నువ్వు వెళ్ళి చదువుకో, వరండాలో కనబడితే పలకరించక్కర్లేదు. ఇంతే. చీల కొట్టినంత సులువు. గుమ్మం దాకా గట్టిగానే వచ్చేవి మాటలు, చెప్పులు విడిచేసరికి వాటితో పాటే బయట ఉండిపోయేవి.

ఆఖరి రోజు అది తన బట్టలు ఇస్త్రీ చేసుకుంటోంది. పక్కన నిలబడ్డాను.

"నిజంగా అక్కడికే వెళ్తావా?"

"ఆ."

"మరి రాళ్ళ చదువు?"

"రసాయనశాస్త్రంలో కూడా రాళ్ళుంటాయి నాన్నా. పొడి చేసి ఉంటాయి, అంతే." చొక్కా తిప్పి కాలర్ మీద ఇస్త్రీపెట్టె పెట్టింది. తలెత్తలేదు. "నీకు ఇష్టమేగా?"

అడిగింది. ఒక్క మాట చాలు. ఆ పిల్ల బతుకు ఆ క్షణాన నా నాలుక మీద ఉంది. ఇస్త్రీపెట్టె ఒకచోటే ఆగిపోయింది, బట్ట కాలుతున్న వాసన కూడా వచ్చింది, పిల్ల దాన్ని కదపలేదు. నా కోసం ఆగింది.

"ఇష్టమే" అన్నాను.

"సరే అయితే" అని ఇస్త్రీపెట్టె ఎత్తింది.

చేర్పించడానికి ముగ్గురం వెళ్ళాం. పెద్దయ్యగారు నన్ను గుర్తుపట్టారు. "ఒళ్ళు మరిచిపోయే తండ్రి" అని పక్కవాళ్ళకి చెప్పి ముందు వరుసలో కూర్చోబెట్టారు. మా ఆవిడకి కన్నీళ్ళు ఆగలేదు, ఎప్పటికైనా మారాడు మహానుభావుడని. ఇంత పెద్ద లోకంలో నా మొహం గుర్తుపెట్టుకున్న చదువుకున్న మనిషి ఆయన ఒక్కడే. అదీ నేను కాని దానికి. కళ్ళు మూసుకోమంటే మూసుకున్నాను. బల్ల ఊగింది. ఊగనిచ్చాను.

ఇప్పుడు పిల్ల రోజూ బస్సులో వెళ్ళొస్తోంది. మార్కులు బాగానే వస్తున్నాయంటుంది. అక్కడివాళ్ళు మంచివాళ్ళేనంటుంది. నేనూ కాదనను. రాళ్ళు కిటికీ గట్టు మీదే ఉన్నాయి. పెద్దది ఒకటి మా ఆవిడ తలుపు కొట్టుకోకుండా అడ్డం పెడుతోంది. పిల్ల దాన్ని దాటుకుని బస్సుకి వెళ్తుంది.

మొన్న బావమరిది భోజనానికి వచ్చాడు. తింటూ తింటూ, "ఏం బావా, గొడుగాయన ఊసే లేదేంటి ఈమధ్య? చచ్చాడా ఏంటి?" అన్నాడు.

నేను కంచంలోకి చూస్తున్నాను. మా ఆవిడ, "అవునండీ, మీరు నవ్వించి ఎన్నాళ్ళయిందో" అంది.

చెప్పడానికి ఏం లేదు అనబోయాను. పిల్ల నీళ్ళ చెంబు నా వైపు జరిపింది.

"చెప్పు నాన్నా" అంది. "ఇవాళ గొడుగాయన్ని ఏమన్నావ్?"

తల ఎత్తి చూశాను. నా వైపే చూస్తోంది, నా ఒళ్ళో కూర్చుని అడిగినప్పటిలాగే. ఆ కళ్ళల్లో ఎగతాళి ఉంటుందేమోనని వెతికాను. ఉంటే బాగుండేది. లేదు.

నోరు దానంతట అదే తెరుచుకుంది. "ఏమంటానూ? పొద్దున్నే ఎదురుపడ్డాడు. వాన లేదు, ఎండ లేదు, గొడుగు వేసుకుని వస్తున్నాడు. నేను ఆగి, 'అయ్యా...'"

పిల్ల పకపకా నవ్వింది.

"అప్పుడే నవ్వుతావేంటే?" అన్నాడు బావమరిది. "అసలు మాట ఇంకా చెప్పందే!"

"నాకు ముందే నవ్వొచ్చేసింది మావయ్యా" అంది. "నువ్వు చెప్పు నాన్నా."

నేను మిగతాది చెప్పాను.